ఓపీ చీటీ నుంచి ఆభా నంబరు దాకా: మన ఆరోగ్య రికార్డు ఎవరి చేతిలో ఉండాలి?

చిత్తూరు జిల్లా మూడు రాష్ట్రాలు కలిసే చోట ఉంది. అందువల్ల మన ఊళ్లలో జబ్బు చేసిన మనిషి ప్రయాణం కూడా మూడు వైపులా సాగుతుంది. కుప్పం, వి.కోట వైపు వారు కోలారుకూ బెంగళూరుకూ వెళ్తారు. చిత్తూరు, గుడిపాల వారికి వేలూరు సీఎంసీ దగ్గర. నగరి వారు చెన్నై రైలెక్కుతారు. తిరుపతిలో రుయా, స్విమ్స్ ఎలాగూ ఉన్నాయి. కువైట్‌లో పనిచేసి తిరిగొచ్చినవారి దగ్గర అక్కడి ఆసుపత్రి కాగితాలు అదనం.

ఇలా ఒకే మనిషి జబ్బు చరిత్ర నాలుగైదు ఆసుపత్రుల్లో ముక్కలు ముక్కలుగా పడి ఉంటుంది. వాటన్నిటినీ ఒకచోట చేర్చి ఉంచేది ఇంట్లో బీరువా మీది ప్లాస్టిక్ కవరు ఒక్కటే. అందులో ఓపీ చీటీలు, రక్త పరీక్షల కాగితాలు, మడతలు పడిన ఎక్స్‌రేలు ఉంటాయి. వాన నీరు పడినా, ఇల్లు మారినా, అత్యవసరంలో కవరు మరిచిపోయి అంబులెన్సు ఎక్కినా ఆ చరిత్ర అందుబాటులో ఉండదు. కొత్త డాక్టరు "ఇంతకుముందు ఏ మందులు వాడారు?" అని అడిగితే "పొద్దున ఒక తెల్ల మాత్ర, రాత్రి ఒక ఎర్ర మాత్ర" అన్నదే జవాబు అవుతుంది. పరీక్షలన్నీ మళ్లీ మొదటి నుంచి చేయించాలి. ఆ ఖర్చు రోజు కూలీ మీద బతికే కుటుంబం భరించాలి.

ఈ కవరుకు బదులుగా దేశమంతటా పనిచేసే ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డును తయారు చేసే పని ఇప్పుడు సాగుతోంది. అదేమిటో, ఎలా పనిచేస్తుందో, దానివల్ల మనకు కలిగే మేలేమిటో, ఎక్కడ జాగ్రత్త పడాలో తెలుసుకోవడం ఈ వ్యాసం ఉద్దేశం.

రికార్డు అంటే ఏమిటి?

ఒక మనిషికి వచ్చిన జబ్బులు, చేసిన పరీక్షలు, వాడిన మందులు, జరిగిన ఆపరేషన్లు, పడని మందులు, వేసుకున్న టీకాలు: వీటి వరుస చరిత్రే ఆరోగ్య రికార్డు. ఒక ఆసుపత్రి తన కంప్యూటరులో ఉంచుకునేది ఆ ఆసుపత్రి రికార్డు మాత్రమే. అది గేటు దాటి బయటికి రాదు. ఒక మనిషి ఎన్ని ఆసుపత్రులకు తిరిగినా అతని వెంట నడిచేది అసలైన ఆరోగ్య రికార్డు.

షుగర్, బీపీ, కిడ్నీ, గుండె జబ్బుల విషయంలో దీని విలువ బాగా తెలుస్తుంది. ఇవి ఒక్క రోజులో తేలే జబ్బులు కావు. రక్తంలో క్రియాటినిన్ ఈరోజు ఎంత ఉందన్నది ఒక అంకె. ఏడాది క్రితం ఎంత ఉండేది, ఆరు నెలల క్రితం ఎంత, ఏ మందు మార్చాక పెరిగింది అన్నది తెలిస్తే ఆ అంకెకు అర్థం వస్తుంది. డాక్టరుకు ఆ వరుస కనబడితే కిడ్నీని కొన్నేళ్లు కాపాడే అవకాశం ఉంటుంది. కనబడకపోతే రోగి నేరుగా డయాలసిస్ దగ్గరే తేలవచ్చు.

మన ప్రాంతం ముందే చూసినవి

రికార్డుల సంగతి మన ప్రాంతానికి కొత్త కాదు. ఒకప్పటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో క్షయ ఆసుపత్రి మొదలైంది. 1950 నుంచి 1955 వరకు అక్కడి వైద్యులు చుట్టుపక్కల పల్లెల్లో ఇంటింటికీ తిరిగి మనుషుల జాబితాలు రాసుకుని, ఎక్స్‌రేలు తీసి, మళ్లీ మళ్లీ వెళ్లి చూశారు. క్షయ పల్లెల్లో ఎలా వ్యాపిస్తుందో తెలిపిన ముఖ్యమైన అధ్యయనాల్లో అది ఒకటి. కంప్యూటరు లేని ఆ కాలంలో ఆ పనికి ఆధారం ఒక్కటే: ఏ కాగితం ఏ మనిషిదో తప్పు లేకుండా రాసి ఉంచడం.

తవణంపల్లె మండలం అరగొండ డాక్టర్ ప్రతాప్ సి. రెడ్డి గారి సొంత ఊరు. అక్కడి అపోలో ఆసుపత్రిలో ఉపగ్రహం ద్వారా దూరవైద్యాన్ని 2000 మార్చి 24న అప్పటి అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ ప్రారంభించారు. పల్లెలోని రోగి ఎక్స్‌రే, ఈసీజీ పట్నంలోని నిపుణుడికి చేరవచ్చని ఆనాడే రుజువైంది.

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ వచ్చింది. తర్వాత ఎన్టీఆర్ వైద్య సేవ అనీ, వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అనీ, మళ్లీ ఎన్టీఆర్ వైద్య సేవ అనీ పేరు మారుతూ వచ్చింది కానీ పని పద్ధతి కొనసాగింది. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర ఉంటారు. రోగి కాగితాలు ఆన్‌లైన్‌లో ట్రస్టుకు వెళ్తాయి. అనుమతి వచ్చాక చికిత్స జరుగుతుంది. లక్షలాది పేదల ఆపరేషన్ల వివరాలు ఇలా కంప్యూటరులోకి ఎక్కాయి. అయితే ఇది బిల్లు చెల్లించడానికి పుట్టిన రికార్డు. గుండె ఆపరేషను అందులో ఉంటుంది. ఆ ఆపరేషనుకు దారితీసిన పదేళ్ల బీపీ అందులో ఉండదు.

క్షయ రోగుల కోసం 2012లో కేంద్రం "నిక్షయ్" అనే దేశవ్యాప్త ఎలక్ట్రానిక్ నమోదును మొదలుపెట్టింది. ఒక్క జబ్బుకే పరిమితమైనా మన దేశంలో నిజంగా నడుస్తున్న జాతీయ రోగి రికార్డు ఇది. చిత్తూరులో మందులు మొదలుపెట్టిన రోగి పని కోసం బెంగళూరు వెళ్లిపోయినా అక్కడ చికిత్స కొనసాగించడానికి ఇది వీలు కల్పిస్తుంది. 2018 నుంచి పోషకాహారం కోసం రోగుల ఖాతాల్లో వేసే డబ్బు కూడా ఈ నమోదు ఆధారంగానే వస్తుంది.

జాతీయ పథకం ఎలా వచ్చింది

ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డులు ఏ పద్ధతిలో ఉండాలో చెప్పే ప్రమాణాలను కేంద్ర ఆరోగ్య శాఖ 2013లో ప్రకటించి 2016లో సవరించింది. 2017 జాతీయ ఆరోగ్య విధానం డిజిటల్ ఆరోగ్య వ్యవస్థ కావాలని చెప్పింది. ఆంధ్రప్రదేశ్ క్యాడరుకు చెందిన ఐఏఎస్ అధికారి జె. సత్యనారాయణ గారి అధ్యక్షతన ఏర్పడిన కమిటీ 2019లో దానికి నమూనా ప్రణాళిక ఇచ్చింది. 2020 ఆగస్టు 15న ప్రధాని ఈ పథకాన్ని ప్రకటించారు. ముందు ఆరు కేంద్రపాలిత ప్రాంతాల్లో ప్రయోగాత్మకంగా నడిపి, 2021 సెప్టెంబరు 27న "ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్" పేరుతో దేశమంతటికీ విస్తరించారు. జాతీయ ఆరోగ్య ప్రాధికార సంస్థ దీన్ని నడుపుతోంది.

ఇందులో ప్రతి మనిషికీ ఇచ్చే 14 అంకెల సంఖ్యే ఆభా నంబరు. ఆభా అంటే ఆయుష్మాన్ భారత్ హెల్త్ అకౌంట్. 2025 ఆరంభానికే దేశంలో 70 కోట్లకు పైగా ఆభా నంబర్లు తయారయ్యాయి. ఈ పనిలో ముందున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అయితే నంబరు ఉన్నంత మాత్రాన రికార్డు ఉన్నట్టు కాదు. బ్యాంకులో ఖాతా తెరిచి డబ్బు వేయనట్టే, నంబరుకు చికిత్స వివరాలు జతచేసేదాకా అది ఖాళీ ఖాతా. సచివాలయం సిబ్బందో ఆశా కార్యకర్తో వచ్చి నంబరు తీసి ఇచ్చి వెళ్లాక, దాన్ని ఒక్కసారి కూడా వాడనివారు మనలో చాలామంది ఉన్నారు.

ఎలా పనిచేస్తుంది?

ఢిల్లీలో ఎక్కడో ఒక పెద్ద కంప్యూటరులో అందరి జబ్బుల వివరాలు కుప్పగా పోస్తారని చాలామంది అనుకుంటారు. పథకం రూపకల్పన అలా లేదు. రికార్డు ఎక్కడ పుట్టిందో అక్కడే ఉంటుంది. ఫోన్ పే, గూగుల్ పే వాడేవారికి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. యూపీఐలో మన డబ్బు మన బ్యాంకులోనే ఉంటుంది. మనం సరే అంటేనే కదులుతుంది. ఇక్కడ డబ్బు స్థానంలో రికార్డు ఉంటుంది.

పలమనేరులో ఒక ఆటో డ్రైవరు ఉన్నాడనుకుందాం. అతనికి తిరుపతి ఆసుపత్రిలో కిడ్నీ జబ్బు బయటపడింది. ఓపీ దగ్గర ఆభా నంబరు ఇచ్చాడు కనుక అక్కడి పరీక్షలు, డిశ్చార్జి సమ్మరీ ఆ నంబరుకు జతపడ్డాయి. ఆరు నెలల తర్వాత అతను వేరే రాష్ట్రంలోని ఆసుపత్రికి వెళ్లాడు. ఆ ఆసుపత్రి కూడా ఈ వ్యవస్థలో చేరి ఉంటే, అక్కడి డాక్టరు పాత రికార్డు చూడటానికి అనుమతి అడుగుతారు. ఆ అభ్యర్థన డ్రైవరు ఫోనుకు వస్తుంది. ఎవరు అడుగుతున్నారు, ఎందుకు, ఏయే కాగితాలు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఎన్ని రోజులు చూడవచ్చు అన్నవి అందులో ఉంటాయి. అతను ఒప్పుకుంటే తిరుపతి నుంచి రికార్డు అక్కడికి చేరుతుంది. వద్దంటే చేరదు. ఒకసారి ఇచ్చిన అనుమతిని తర్వాత వెనక్కు తీసుకోవచ్చు.

ఆభా తీసుకోవడం స్వచ్ఛందం. అది లేనంత మాత్రాన చికిత్స నిరాకరించకూడదు. వద్దనుకుంటే ఖాతాను నిలిపివేయవచ్చు, తొలగించవచ్చు. ఈ సంగతులు చాలామందికి ఎవరూ చెప్పలేదు.

మూడు రాష్ట్రాల మధ్య తిరిగే మన జిల్లా వారికి "జాతీయ" అన్న మాటలోనే అసలు ప్రయోజనం ఉంది. ఒక్క రాష్ట్రం సొంతంగా ఎంత మంచి రికార్డు వ్యవస్థ కట్టినా వేలూరు దాకానో కోలారు దాకానో వెళ్లేసరికి అది ఆగిపోతుంది. అన్ని రాష్ట్రాలూ ఒకే ప్రమాణం పాటిస్తేనే సరిహద్దు దాటిన రోగికి ఉపయోగం.

కుప్పంలో మొదలైన పని

మన జిల్లాలోనే దీనికి ప్రత్యక్ష ఉదాహరణ ఉంది. 2025 జూలైలో కుప్పం ఏరియా ఆసుపత్రిలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు టాటా సంస్థ సహకారంతో డిజిటల్ నెర్వ్ సెంటర్‌ను ప్రారంభించారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలను, గ్రామ ఆరోగ్య కేంద్రాలను ఏరియా ఆసుపత్రితో కలపడం, రోగి వివరాలను డిజిటల్‌గా నమోదు చేయడం, దూరంలో ఉన్న నిపుణుల సలహా అందించడం దీని పనులు. టాటా వారు ఇలాంటి కేంద్రాన్ని పొరుగునే ఉన్న కోలారులో 2017లోనే మొదలుపెట్టారు. కుప్పం అనుభవాన్ని చూసి జిల్లాకూ, రాష్ట్రానికీ విస్తరిస్తామని ప్రభుత్వం ప్రకటించింది.

ఈ పని మంచిదే. అయితే ప్రభుత్వం, కంపెనీలు, ఆసుపత్రులు కలిసి నడిపేటప్పుడు రోగి అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉంటాయి. నా వివరాలు ఎవరి కంప్యూటరులో ఉన్నాయి? ఎవరు చూడగలరు? తప్పు ఉంటే ఎవరు సరిచేస్తారు? ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలి? ఈ నాలుగింటికీ జవాబు ఆసుపత్రి గోడ మీద తెలుగులోనూ ఉర్దూలోనూ రాసి ఉండాలని మనం కోరవచ్చు.

మొదటి చిక్కు: పేరు

యంత్రం రికార్డులను కలిపేది పేరు, పుట్టిన తేదీ, లింగం, ఫోను నంబరు చూసి. మన వీధుల్లో ఈ నాలుగూ చిక్కే.

"షేక్" అన్న మాటను ఇంగ్లిషులో రాసేటప్పుడు ఒక కాగితం మీద ఎస్-హెచ్-ఏ-ఐ-కె అని ఉంటుంది. ఇంకోదానిలో ఏ బదులు ఈ ఉంటుంది. మరోదానిలో చివర హెచ్ చేరుతుంది. నాలుగోదానిలో ఎస్‌కె అని రెండక్షరాలతో సరిపెడతారు. "బాషా" ఒకచోట "పాషా" అవుతుంది. ఇంటిపేరు ఒక ఆసుపత్రిలో ముందు, ఇంకో ఆసుపత్రిలో వెనక. స్త్రీల పేర్ల చివర "బీ", "బేగం" ఒక కాగితంలో ఉంటాయి, మరోదానిలో ఉండవు. పుట్టిన తేదీ తెలియని పెద్దవాళ్లకు ఆధార్‌లో చాలాసార్లు జనవరి 1 అని పడి ఉంటుంది. ఇది ముస్లింల సమస్య మాత్రమే అనుకోనక్కరలేదు. మునెమ్మలు, మునిరత్నాలు, వెంకటరమణలు వీధికి నలుగురున్న జిల్లా మనది.

దీనివల్ల రెండు రకాల నష్టం వస్తుంది. మొదటిది, ఒకే మనిషి యంత్రానికి ముగ్గురుగా కనిపించడం. అప్పుడు రికార్డు ముక్కలుగానే మిగులుతుంది, ప్లాస్టిక్ కవరే నయం అనిపిస్తుంది. రెండోది ఇంకా ప్రమాదం. ఇద్దరు మనుషులు ఒకరుగా కలిసిపోవడం. ఒకరికి పడని మందు మరొకరి చరిత్రలో చేరితే, లేదా చేరవలసినచోట చేరకపోతే, అది ప్రాణం మీదికి రావచ్చు.

ఆధార్‌తో ఆభా తీసేటప్పుడు పేరు, పుట్టిన తేదీ ఆధార్ నుంచే వస్తాయి. కనుక ఆధార్‌లో తప్పుంటే ముందు దాన్ని సరిచేయించాలి. ఆ తర్వాత ప్రతి ఆసుపత్రిలో, ప్రతి ల్యాబులో అదే అక్షరక్రమంతో పేరు రాయించాలి. ఓపీ చీటీ చేతికి రాగానే కౌంటరు దగ్గరే ఒకసారి చదివి చూసుకోవడం అలవాటు కావాలి.

రెండో చిక్కు: ఫోను

అనుమతి ఇచ్చేది రోగి అని చట్టమూ పథకమూ చెబుతున్నాయి. ఆచరణలో అనుమతి ఇచ్చేది ఓటీపీ వచ్చిన ఫోను. ఆ ఫోను ఎవరి జేబులో ఉందన్నదే ప్రశ్న.

చాలా ఇళ్లలో తల్లి, భార్య, చెల్లెలు, అత్త అందరి ఆధార్‌కూ ఒకే మగమనిషి నంబరు జత చేసి ఉంటుంది. కొన్నిచోట్ల సేవా కేంద్రంలో ఎవరిదో నంబరు ఇచ్చేసి వచ్చినవారూ ఉన్నారు. అప్పుడు ఆ స్త్రీ రికార్డు తలుపు తీయగలిగేది ఆమె కాదు. ఆమెకు వచ్చిన స్త్రీల జబ్బు గానీ, మనసుకు సంబంధించిన చికిత్స గానీ, ఆమె చెప్పదలచుకోని మరేదైనా గానీ ఆమెకంటే ముందు వేరొకరి ఫోనులో కనిపించవచ్చు. ఆ భయంతో ఆమె డాక్టరు దగ్గరికే వెళ్లకపోతే రికార్డు వల్ల మేలుకు బదులు కీడు జరిగినట్టే.

గల్ఫ్‌లో ఉన్న కొడుకు నంబరు ఇచ్చిన ముసలి తల్లిదండ్రులది ఇంకో ఇబ్బంది. అర్ధరాత్రి అత్యవసరంలో ఓటీపీ కువైట్‌కు వెళ్తుంది. ఇంట్లో దగ్గరగా ఉండే, నమ్మకమైన మనిషి నంబరు ఉండాలి. పెద్దవాళ్లకే సొంత నంబరు ఉంటే ఇంకా మేలు.

మూడో చిక్కు: గుట్టు

ఒకరు మనల్ని నమ్మి అప్పగించిన దాన్ని అమానత్ అంటాం. డబ్బు, నగలు మాత్రమే అమానత్ కాదు. డాక్టరు ముందు చెప్పుకున్న జబ్బు కూడా అమానతే. క్షయ ఉందని తెలిస్తే పెళ్లి సంబంధం తప్పిపోతుందనీ, మనోవ్యాధికి మందులు వాడుతున్నారని తెలిస్తే ఉద్యోగం పోతుందనీ భయపడే కుటుంబాలు మన చుట్టూ ఉన్నాయి. ఆ భయం నిజమైనది. ఎంత సురక్షితమో చెప్పకుండా "నమోదు చేసుకోండి" అనడం న్యాయం కాదు.

కంప్యూటరుకు తాళం వేసినంత మాత్రాన సరిపోదని 2022 నవంబరు 23న తెలిసింది. ఆరోజు ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద సైబర్ దాడి జరిగింది. సుమారు రెండు వారాలపాటు ఓపీ నమోదు, పరీక్షల ఫలితాలు వంటి పనులు మళ్లీ చేతిరాతతో నడిచాయి. దేశంలోని అతి పెద్ద ఆసుపత్రుల్లో ఒకదానికే అలా జరిగితే చిన్న క్లినిక్కులో, ల్యాబులో ఉన్న కంప్యూటరు మాటేమిటి? రికార్డు ఎక్కడ పుట్టిందో అక్కడే ఉంచడంలో ఒక లాభం ఉంది. అంతా ఒక్కసారిగా పోదు. కానీ ప్రతి చిన్నచోటా భద్రత పాటించాల్సిన బాధ్యత కూడా దాంతోపాటే వస్తుంది.

చట్టం మన వైపు కొంత నిలబడింది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు ఇచ్చింది. హెచ్‌ఐవీ ఉన్నవారి వివరాలు బయటపెట్టకూడదని 2017 నాటి చట్టం చెబుతోంది. అదే ఏడాది వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం కూడా రోగికి గోప్యత హక్కు ఇచ్చింది. 2023 ఆగస్టులో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. మన వివరాలు ఎవరి దగ్గర ఏమున్నాయో తెలుసుకునే హక్కు, తప్పులు సరిచేయించుకునే హక్కు, తొలగించమని కోరే హక్కు అందులో ఉన్నాయి. డేటాను కాపాడలేని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి, దశలవారీగా అమల్లోకి వస్తాయి. అయితే హక్కు ఉందని తెలిసి అడిగేవారికే ఈ చట్టాలు అక్కరకొస్తాయి.

బయటి దేశాలు ఏం చెబుతున్నాయి?

ఇంగ్లండు 2002లో అందరి ఆరోగ్య రికార్డులనూ కంప్యూటరుకు ఎక్కించే భారీ పథకం మొదలుపెట్టింది. వందల కోట్ల పౌండ్లు ఖర్చయ్యాక 2011లో దాన్ని విడగొట్టి ముగించాల్సి వచ్చింది. వార్డులో పనిచేసే డాక్టర్లను, నర్సులను సరిగా సంప్రదించకుండా పైనుంచి రుద్దడం దాని వైఫల్యానికి ఒక కారణం. తర్వాత డాక్టర్ల దగ్గరున్న రోగుల వివరాలను ఒకచోట సేకరించే మరో పథకం తెచ్చారు. ప్రజలకు సరిగా చెప్పలేదన్న విమర్శలతో 2014లో ఆగి, 2016లో రద్దయింది.

సుమారు 13 లక్షల జనాభా ఉన్న ఎస్టోనియా 2008లో జాతీయ ఆరోగ్య రికార్డు ప్రారంభించి విజయవంతంగా నడుపుతోంది. అక్కడ ప్రతి పౌరుడూ తన రికార్డును ఎవరు, ఎప్పుడు తెరిచి చూశారో తానే చూసుకోగలడు. అనవసరంగా చూసినవారిని నిలదీయగలడు. ఆ ఒక్క ఏర్పాటు ప్రజల్లో నమ్మకం పెంచింది. ఎస్టోనియా చిన్న దేశం, మనది 140 కోట్ల దేశం. అయినా "నా రికార్డు ఎవరు చూశారు?" అన్న ప్రశ్న పలమనేరులోనూ అంతే న్యాయమైనది.

రికార్డు చేయలేనివి

రికార్డు వైద్యం చేయదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు లేకపోతే, మందుల గదిలో మాత్రలు లేకపోతే, రికార్డు ఎంత బాగున్నా రోగికి ఊరట లేదు. ఒక్క పొద్దుటిపూటలో వందమందిని చూడాల్సిన డాక్టరు ప్రతి ఒక్కరి వివరాలూ తానే టైపు చేయాలంటే రోగి ముఖం చూసే సమయం కూడా మిగలదు. నమోదు చేయడానికి మనుషులను ఇవ్వకుండా నమోదు లెక్కలు అడిగితే తప్పుడు వివరాలే చేరతాయి. తప్పుడు రికార్డు కంటే రికార్డు లేకపోవడమే నయం. ఆసుపత్రుల్లో తగిన సిబ్బంది కావాలని అడగడం కూడా ఈ పథకం బాగుండాలని కోరుకోవడంలో భాగమే.

మనం చేయగలిగినవి

ప్రతి కుటుంబమూ, ప్రతి మొహల్లా సేవా బృందమూ ఈ ఏడాదే మొదలుపెట్టదగిన పనులు ఇవి:

1. ఇంట్లో అందరి ఆధార్ కార్డులూ ముందు పెట్టుకుని పేరు, పుట్టిన తేదీ, ఫోను నంబరు సరిచూడాలి. తప్పులుంటే ముందు అవి దిద్దించాలి.

2. ఇంట్లోని స్త్రీల ఆధార్‌కు వీలైనంతవరకు వారి సొంత నంబరే జతచేయించాలి.

3. ఆభా ఇప్పటికే ఉందో లేదో చూసుకోవాలి. ఒకరికి రెండు మూడు నంబర్లు తయారై ఉంటే ఒక్కటే వాడాలి. కార్డు ముద్రించి ఆధార్‌తోపాటు ఉంచుకోవాలి.

4. ఓటీపీ ఎవరు అడిగినా "దేనికి?" అని అడిగి తెలుసుకున్నాకే చెప్పాలి. ఫోనులో అడిగితే చెప్పకూడదు. అనుమతి అభ్యర్థన వస్తే ఎన్ని రోజులకో చూసి, అవసరమైనంతవరకే ఇవ్వాలి.

5. ప్లాస్టిక్ కవరును పారేయవద్దు. డిజిటల్ రికార్డు పూర్తిగా కుదురుకునేదాకా కాగితాలే ఆధారం. వాటిని తేదీల వరుసలో పెట్టి, పైన ఒక్క పేజీ రాసి ఉంచాలి: పేరు, రక్తం గ్రూపు, ఉన్న జబ్బులు, ఇప్పుడు వాడుతున్న మందులు, పడని మందులు, జరిగిన ఆపరేషన్లు, అత్యవసరంలో పిలవవలసిన నంబరు.

6. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందినవారికి తమ రికార్డు అడిగే హక్కు ఉంది. 2002 నాటి వైద్యవృత్తి నిబంధనల ప్రకారం డాక్టరు ఇన్‌పేషెంటు రికార్డును మూడేళ్లు భద్రపరచాలి, అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. మర్యాదగా, రాతపూర్వకంగా అడగాలి.

7. ఉచిత వైద్య శిబిరాలు పెట్టే సంఘాలు రోగుల జాబితాను అమానత్‌గా చూడాలి. పేర్లు, జబ్బులు ఉన్న రిజిస్టరును ఫొటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకూడదు. శిబిరంలో రోగిని చూస్తున్న ఫొటోలను సావనీరులో వేసేముందు కూడా వారి అనుమతి తీసుకోవాలి.

8. ఇంటరు, డిగ్రీ చదువుతున్న మన పిల్లలు వారానికి ఒక గంట మసీదు దగ్గరో సంఘం కార్యాలయంలోనో కూర్చుని పెద్దవాళ్లకు ఈ కాగితాల పనిలో సాయపడవచ్చు. సాయం చేసేటప్పుడు ఎవరి పాస్‌వర్డూ తమ దగ్గర ఉంచుకోకూడదు.

ఆరోగ్యవరం వైద్యులు పల్లెల్లో ఇంటింటికీ తిరిగి ఏ కాగితం ఎవరిదో జాగ్రత్తగా రాసుకున్నారు. ఇప్పుడు యంత్రాలు వేగంగా కలుపుతాయి, దూరాలు దాటిస్తాయి. కానీ ఆ కాగితం ఎవరిదో సరిగా చెప్పడం, దాన్ని ఎవరికి చూపించాలో నిర్ణయించడం ఇంకా మనిషి పనే. ఆ రెండు పనులూ మన ఇళ్లలో సరిగా జరిగితే కుప్పం నుంచి వేలూరు దాకా ఎక్కడికి వెళ్లినా మన జబ్బు చరిత్ర మన వెంట వస్తుంది. దాన్ని ఎవరు తెరవాలన్నది మన మాట మీదే ఉంటుంది.